మృగశిర నాడు హిమాయత్ సాగర్‌లో ఈగ గాలం

చేపల పులుసు వండటం మన పని, చేపలు పట్టటం మగవాళ్ళ పని అని మనం ఎప్పుడో పంచేసుకున్నాం కదూ! సంచీలో తెచ్చి వంటింటి గట్టు మీద పెడితే పొలుసు గీకి, ఉప్పూ పసుపూ రాసి కడగటం దగ్గర్నుంచే మన కథ మొదలవుతుంది. అది ఏ చెరువులో పుట్టిందో, ఎలా పట్టారో ఎవరూ అడగరు, మనకూ తీరదు. పోయిన ఏడాది, అంటే 2025లో, మృగశిర కార్తె ఆదివారం నాడు వచ్చింది. జూన్ 8వ తేదీ. ఆ రోజు నేను గౌలిపుర నుంచి హిమాయత్ సాగర్ వెళ్ళి, ఒడ్డున కూర్చుని, నా చేత్తో గాలం వేసి వచ్చాను. అదీ మామూలు గాలం కాదు సుమా, అమెరికా నుంచి వచ్చిన ఈగ గాలం! ఆ సంగతులే మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

మృగశిర అంటే మన హైదరాబాదు వాళ్ళకు వేరే చెప్పాలా? రోహిణి ఎండలు పోయి చినుకు పడే రోజు. ఒంట్లో వేడి ఉండాలని ఆ రోజు చేప తినాలంటారు. తినని వాళ్ళు బెల్లంలో ఇంగువ కలిపి ఉండ చేసుకుని మింగుతారు. మా పాతబస్తీలో ఈ రోజుకు ఇంకో గొప్ప కూడా ఉంది. మాకు దగ్గర్లోని దూద్‌బౌలిలో బత్తిని గౌడ్ కుటుంబం వారు ఉబ్బసానికి చేప మందు ఇచ్చేది ఈ కార్తె నాడే. 1845 నుంచి ఇస్తున్నామని వాళ్ళు చెప్తారు. వేలెడంత బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మనిషి చేత మింగిస్తారు, పైసా తీసుకోరు. అది పని చేస్తుందనటానికి రుజువు లేదని డాక్టర్లు అంటారు, అయినా జనం రావటం మానలేదు. ఒకప్పుడు దూద్‌బౌలి గల్లీలన్నీ కిక్కిరిసిపోయేవట. నేను కోడలిగా వచ్చేసరికే అది అక్కడి నుంచి తరలిపోయింది. ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇస్తున్నారు.

ఇక మా ఇంటి సంగతి. మా మామయ్యకు 74 ఏళ్ళు. లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణంలో 40 ఏళ్ళు లెక్కలు రాశారు. అక్కడ శుక్రవారం సెలవు. ఆ ఒక్క రోజూ పొద్దున్నే సైకిలు హ్యాండిలుకు వెదురు గాలం కట్టుకుని మీరాలం చెరువుకు వెళ్ళటం ఆయనకు అలవాటు. సాయంత్రం ఆయన వచ్చేసరికి అత్తమ్మ చింతపండు నానబెట్టి ఉంచేది. చేప దొరికినా అంతే, దొరకకపోయినా అంతే. దొరకని రోజు ఆ చింతపండుతో పచ్చిపులుసు చేసేది. ఆయన్ని మాత్రం ఒక్క మాట అనేది కాదు. 2024 దసరా వెళ్ళిన వారానికి అత్తమ్మ పోయింది. అప్పట్నుంచి మామయ్య మాట తగ్గిపోయింది. అడిగితే ఊఁ అంటారు, పెడితే తింటారు. వెదురు గాలం సజ్జ మీదకెక్కింది. మృగశిర దగ్గర పడుతుంటే "ఈసారి చేపలు ఒద్దులే బిడ్డా" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

ఆ సమయంలో మా తమ్ముడు వచ్చాడు. వాడు అమెరికాలో డెన్వర్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్ళ నుంచి వాడికి చేపలు పట్టే పిచ్చి పట్టింది. నాలుగు ముక్కలుగా విడదీసి గొట్టంలో పెట్టుకునే బెత్తం ఒకటి, చిన్న డబ్బాలో ఈగలు కొన్ని వెంట తెచ్చాడు. ఈగలంటే నిజం ఈగలు కావు. చిన్న గాలపు ముల్లుకు పట్టుదారం, కోడి మెడ ఈకలు, ఉన్ని చుట్టి, అచ్చు పురుగులా కనిపించేటట్టు తయారు చేస్తారు. మా అమ్మాయి అరచేతిలో పెట్టుకుని చూసి, "అమ్మా, ఇవి చెవులకు పెట్టుకుంటే బావుంటాయి" అంది. నిజంగానే అంత ముద్దుగా ఉన్నాయి!

ఈ ఈగ గాలాన్ని పెద్దదిగా ట్రౌట్ అనే చేప కోసం వాడతారట. ట్రౌట్‌కు చల్లటి నీళ్ళు కావాలి. మనం కుండలో పోసుకుని తాగే నీళ్ళంత చల్లగా ఉంటేనే దానికి హాయి. నీళ్ళు కాస్త వేడెక్కితే ఊపిరాడదు. అందుకే అది కొండల మీదే బతుకుతుంది. తమ్ముడు వెళ్ళే లిలీ లేక్ అనే చిన్న చెరువు రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ఉందట. దాదాపు 9,000 అడుగుల ఎత్తు. జూన్‌లో కూడా చుట్టూ కొండల మీద మంచు కనపడుతుందట. అక్కడ పట్టిన చేపను తడి చేత్తో పట్టుకుని, ముల్లు తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. అది అక్కడి నియమం. "మరి ఎందుకురా అంత కష్టపడి పట్టటం?" అంటే నవ్వుతాడు. మన దేశంలో కూడా ట్రౌట్ ఉంది. 1900 ప్రాంతాల్లో తెల్లవాళ్ళు కాశ్మీరుకు తెచ్చి వదిలారు, ఆ తర్వాత ఊటీ వైపు అవలాంచి దగ్గర, మున్నారు కొండల్లో పెంచారు. మన రంగారెడ్డి జిల్లాలోనూ కందుకూరు వైపు నీళ్ళను చల్లబరిచి, శుభ్రం చేసి మళ్ళీ మళ్ళీ తిప్పే తొట్లలో ట్రౌట్‌ను పెంచే ఫారం 2026 జనవరిలో మొదలైంది. మా ఇంటి నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే అదెంతో దూరం కాదు. కానీ తొట్లో పెంచిన చేపకు గాలం వేస్తే ఏం సరదా ఉంటుంది చెప్పండి!

తమ్ముడు ఆ బెత్తం బిగించి మా వాకిట్లో ఊపి చూపిస్తుంటే మామయ్య తలుపు దగ్గర నిలబడి చూశారు. చాలాసేపు చూశాక, "ఈగతోని చేపలు పడ్తయారా?" అన్నారు. "పడ్తయి మామా, చూపిస్త రా" అన్నాడు వీడు. "మన దిక్కు పడయి. మన చేపలకు ఎర్రలు గావాలె, పిండి గావాలె" అన్నారు. ఎన్ని నెలలకు అన్ని మాటలు! నేను వంటింట్లోంచి విన్నాను. ఆ రాత్రే మా వారితో చెప్పాను, ఆదివారం అందరం హిమాయత్ సాగర్ వెళ్తున్నామని. మా వారికి దుకాణంలో ఆదివారమే గిరాకీ, ఆయన రాలేనన్నారు. సరే, నేనూ మామయ్యా తమ్ముడూ మా అమ్మాయీ నలుగురం బయల్దేరాం. మామయ్య నేను రానంటారేమోనని భయపడ్డాను. తెల్లారి లేచి చూస్తే సజ్జ మీది వెదురు గాలం కిందికి దిగి గోడకు ఆనించి ఉంది.

మీరు కూడా ఎప్పుడైనా ఇలా వెళ్ళాలనుకుంటే తిండి ముందు చూసుకోండి. చెరువు ఒడ్డున హోటళ్ళుండవు. నేను జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, పులిహోర, పెరుగన్నం కట్టాను. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి తోడు తక్కువ వేస్తే మధ్యాహ్నానికి కూడా పులవదు. గౌలిపురలో ఉంటూ పాలకు కరువేముంది! గౌలీలు, అంటే పాడి పశువుల వాళ్ళు ఉండే చోటు కనకనే మా పేటకు ఆ పేరు. నీళ్ళు రెండు పెద్ద సీసాలు, టోపీలు, పాత టవలు, చేతులు కడుక్కోవటానికి సబ్బు, నిమ్మచెక్కలు పెట్టుకున్నాను. నిమ్మచెక్కలెందుకంటే, చేప వాసన సబ్బుకు పోదు, నిమ్మకు పోతుంది.

ఆరు గంటలకే కారులో బయల్దేరాం. శాలిబండ దాటి, బహదూర్‌పుర మీదుగా జూపార్కు ముందుకు వచ్చేసరికి ఎండ ఇంకా రాలేదు. మే నెలాఖరుకే వానలు తొందరపడి వచ్చేశాయి ఆ ఏడు, గాలి చల్లగా ఉంది. జూపార్కు దగ్గర్నుంచి ఆరాంఘర్ దాకా 2025 జనవరిలో కొత్త ఫ్లైఓవర్ తెరిచారు, మన్మోహన్ సింగ్ గారి పేరు పెట్టారు. నాలుగు కిలోమీటర్లు పైనే ఉంటుంది. దాని మీదికెక్కగానే పక్కన మీరాలం చెరువు కనిపిస్తుంది.

"కొద్దిగ మెల్లగ పోనియ్యి నాయినా" అన్నారు మామయ్య డ్రైవరుతో.

మీరాలం చెరువు మీలో చాలామంది చూసే ఉంటారు, జూపార్కుకు పిల్లల్ని తీసుకొచ్చినప్పుడు. కానీ దాని కట్టను చూశారా? మామూలు చెరువు కట్ట తిన్నగా ఉంటుంది. ఇది మాత్రం గాజులు సగానికి విరిచి వరసగా పేర్చినట్టు 21 అర్ధచంద్రాకారపు కమానులతో, నీళ్ళ వైపుకు ఉబ్బి ఉంటుంది. నిజాం దివాను మీర్ ఆలం 1804లో మొదలుపెట్టించి 1806లో పూర్తి చేయించాడు. నీళ్ళు ఎంత నెట్టితే ఆ కమానులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయట. రెండొందల ఏళ్ళు దాటినా నిలబడే ఉంది. గండిపేట కట్టేదాకా నగరానికి తాగే నీళ్ళు ఇక్కడి నుంచే వచ్చేవి. ఇప్పుడు ఆ నీళ్ళను తాగటం కాదు కదా, కాళ్ళు కడగటానికి కూడా మనసొప్పదు. చుట్టూ పెరిగిన కాలనీల మురుగు చేరి, గుర్రపుడెక్క అల్లుకుపోయి సగం చెరువు పచ్చటి చాప పరిచినట్టు ఉంది. మామయ్య అద్దంలోంచి చూస్తూ, "ఆ రెండో కమాను కాడ కూసుండేటోన్ని" అని మాత్రం అన్నారు. ఏడెనిమిదేళ్ళ నుంచి ఆయన అక్కడ గాలం వేయటం మానేశారు. దొరికిన చేపను ఇంటికి తేవటానికి భయమేసిందట.

ఆరాంఘర్ చౌరస్తా దాటి, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల పక్క నుంచి పోతే హిమాయత్ సాగర్. మా ఇంటి నుంచి 20 కిలోమీటర్లు ఉంటుందేమో. ఈ చెరువు పుట్టుకకు పెద్ద కథ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో వేలమంది కొట్టుకుపోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటిది మళ్ళీ రాకూడదని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన సలహా మీద మూసీ మీద ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట, 1920లో అయింది. ఈసీ వాగు మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. నిజాం తన పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టాడు. వరద ఆపటానికి కట్టినవి రెండూ తర్వాత నగరానికి గుక్కెడు నీళ్ళిచ్చే తల్లులయ్యాయి. వీటికి పది కిలోమీటర్ల లోపు ఫ్యాక్టరీలూ పెద్ద భవనాలూ కట్టరాదని 1996లో 111 నంబరు జీవో ఇచ్చారు. ఆ ఆంక్షలను తీసేస్తూ 2022లో ఇంకో జీవో వచ్చింది. మీరాలం చెరువును చూసి వచ్చిన కళ్ళతో ఇక్కడి నీళ్ళను చూస్తే ఆ రెండు జీవోల సంగతీ ఎవరూ వివరించక్కర్లేకుండానే అర్థమవుతుంది.

తాగునీటి చెరువు కాబట్టి కట్ట మీదా గేట్ల దగ్గరా గాలం వేయకూడదు. చెరువులో చేపల మీద హక్కు అక్కడి మత్స్యకారుల సంఘానిది. తమ్ముడు ముందే వెళ్ళి వాళ్ళలో ఒక పెద్దాయన్ని అడిగాడు. ఆయన మామయ్యను చూసి, వెదురు గాలాన్ని చూసి, "ఒక్క పూట సరదకేనా? వలల దిక్కు పోకుండ్రి" అని ఊరి వైపు ఒక మూల చూపించాడు. అడిగి కూర్చుంటే మనకూ నిశ్చింత. అన్నట్టు, అక్కడ ఆడవాళ్ళకు బాత్రూమ్ ఏర్పాటు లేదు. దారిలో పెట్రోలు బంకులో పని కానిచ్చుకుని వెళ్ళండి. ఇది ఏ యాత్రా వ్యాసంలోనూ రాయరు గానీ మనకు ముందు కావలసింది ఇదే.

నీళ్ళు అంచు దాకా లేవు, ఎండాకాలం తగ్గినవి ఇంకా నిండలేదు. ఒడ్డున తుంగ, తుమ్మ చెట్లు, బురదలో కొంగల కాలి గుర్తులు. మామయ్య ఒక తుమ్మ చెట్టు కింద చాప వేయించుకుని సంచీ విప్పారు. పల్లీ చెక్క పొడి, మైదా, కాస్త ఇంగువ కలిపి పిండి ముద్ద చేశారు. బెండుకు నెమలి ఈక కాడ. తట్టలో తడి మన్నూ అందులో ఎర్రలూ. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. ముల్లుకు ఎర గుచ్చలేక రెండుసార్లు జారవిడిచారు. మా అమ్మాయి పక్కన కూర్చుని, మొహం తిప్పుకుంటూనే గుచ్చి ఇచ్చింది. కాలేజీ పిల్ల, ఇంట్లో బల్లిని చూస్తే అరుస్తుంది!

తమ్ముడు మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి ఈగ గాలం మొదలుపెట్టాడు. చూడటానికి ఎంత బాగుంటుందనుకున్నారు! మామూలు గాలంలో సీసం గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో ఈగకు బరువే లేదు. బరువంతా దారానిదే, అది లావుగా, మెత్తగా ఉంటుంది. దాన్ని వెనక్కి విసిరి, గాల్లో అది తిన్నగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. చివర్న సన్నటి నైలాను పోగు, దానికి ఈగ. నీళ్ళ మీద నిజంగా పురుగు వాలినట్టే వాలాలి, టప్‌మని పడితే చేప పారిపోతుంది.

"నువ్వూ ఎయ్యక్కా" అంటే చీర కుచ్చెళ్ళు దోపుకుని నేనూ దిగాను. మొదటి రెండు మూడుసార్లు దారం నా భుజాల మీదే పడింది. "బలంతో కాదక్కా, ఆగాలి" అంటాడు వీడు. ఉతికిన చీరను ఆరేసే ముందు రెండు చేతులా పట్టుకుని జాడిస్తాం చూశారా? వెనక కొస విచ్చుకునేదాకా ఒక్క క్షణం ఆగి ముందుకు దులుపుతాం. అచ్చం అదే! ఆ సంగతి తట్టిన తర్వాత దారం చక్కగా పోయింది. తమ్ముడు నోరు తెరిచాడు. వాడికి అది రావటానికి ఒక వేసవంతా పట్టిందట. 25 ఏళ్ళుగా రోజూ చీరలు జాడిస్తున్న మనకు అదెంత!

ఈ గాలం గురించి ఇంగ్లీషులో మొట్టమొదట అచ్చయిన పుస్తకం ఒక సన్యాసిని రాసిందంటారు, తమ్ముడు చెప్పాడు. 1496లో వచ్చిందట, ఆవిడ పేరు జూలియానా బెర్నర్స్. ఇంకో ముచ్చట. బ్రిటన్‌లో గాలంతో పట్టిన అన్నిటికంటే పెద్ద సాల్మన్ చేపను పట్టింది జార్జినా బాలంటైన్ అనే అమ్మాయి, 1922 అక్టోబరులో, స్కాట్లాండులోని టే నదిలో. 64 పౌన్లు, అంటే 29 కిలోలు! పడవలో ఆమె వెంట ఉన్నది తండ్రి. రెండు గంటలు పోరాడి పట్టుకుందట. ఇన్నేళ్ళయినా ఆ రికార్డును ఏ మగవాడూ దాటలేదు. మామయ్య ఇది విని, "29 కిలోలా... పులుసెట్ల వెట్టిన్రో" అన్నారు.

తొమ్మిదిన్నరకు మా అమ్మాయి ఈగకు ఒక తిలాపియా పడింది. మన వైపు జిలేబీ చేప అంటారు, అరచేతి అంత. మామయ్య నమ్మలేదు. ముల్లు విప్పించి, ఈగను చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకి జరిపి తిప్పి తిప్పి చూశారు. "కోడీకనే గదా ఇది" అన్నారు. ఆయన వెదురు గాలానికి అప్పటికి ఒక చిన్న రవ్వ పిల్ల వస్తే వదిలేశారు.

తర్వాత తమ్ముడు తుంగ వైపు జరిగాడు. అక్కడ నీళ్ళ మీద ఎర్రగా ఏదో కదులుతోంది. తాంబాలంలో కుంకుమ నీళ్ళు కదిలినట్టు. విసనకర్ర అంత మేర, ఒకసారి పైకి తేలి, ఒకసారి మునిగి, ఒక చోట ఉండకుండా జరుగుతోంది. మావాడికి అదేమిటో తెలీదు. పెద్ద పసుపు ఈగ కట్టుకుని దాని పక్కనే వేశాడు. ఈగ నీళ్ళను తాకిందో లేదో, కింది నుంచి గుండె ఝల్లుమనేలా బుడుంగుమని నల్లటి వీపు ఒకటి లేచి దాన్ని మింగింది. బెత్తం వంగింది.

"గుంజకురా! ఒదులు! ఒదులు దాన్ని!"

మామయ్య లేచి నిలబడ్డారు. అంత గట్టిగా ఆయన అరవటం ఈ ఇంటికి వచ్చాక నేనెన్నడూ వినలేదు. తమ్ముడు బిత్తరపోయి దారం వదులు చేశాడు. ముల్లు ఇంకా గుచ్చుకోలేదు కాబోలు, ఒక్క క్షణంలో ఈగ పైకి తేలింది. నల్ల వీపు మాయమైంది. ఆ ఎర్ర ముద్ద మెల్లగా తుంగలోకి జరిగిపోయింది.

అవి కొర్రమీను పిల్లలు. వానలు మొదలయ్యే రోజుల్లో కొర్రమీను తుంగలో చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. ఎర్రటి పిల్లలు వందల కొద్దీ ముద్దగా తిరుగుతుంటే తల్లీ తండ్రీ రెండూ కింద కాపలా కాస్తాయి. తిండి కంటే కాపలాయే ఎక్కువ. కప్ప వచ్చినా, పాము వచ్చినా, ఆఖరికి మనిషి చెయ్యి పెట్టినా మీద పడతాయి. అందుకే ఆ సమయంలో వాటిని పట్టటం చాలా తేలిక, ఏది వేసినా పట్టుకుంటాయి. తల్లినో తండ్రినో తీసుకుపోతే మిగిలిన చేపలూ కొంగలూ ఆ పిల్లల్ని సాయంత్రానికి ఖాళీ చేస్తాయి. ఇదే చేపను 2016లో మన తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు.

మామయ్య మళ్ళీ చాప మీద కూర్చున్నారు. కాస్త ఊపిరి తీసుకుని చెప్పటం మొదలుపెట్టారు, మా వైపు చూడకుండా, నీళ్ళ వైపు చూస్తూ. ఎప్పుడో మా వారు చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడు ఇలాగే మృగశిర ముందర మీరాలంలో పెద్ద కొర్రమీనును పట్టుకుని సంబరంగా ఇంటికి తెచ్చారట. కొర్రమీను నీళ్ళలోంచి తీసినా చాలాసేపు చావదు, గాలి పీల్చుకుంటుంది. బకెట్లో వేస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. అత్తమ్మ కత్తిపీట ముందు కూర్చుని, "ఎక్కడ పట్టిన్రు?" అని అడిగిందట. తుంగలో, ఎర్ర పిల్లల కాడ అని ఈయన చెప్పాడు. "ఇగ ఆ పిల్లలను ఎవరు చూస్తరు?" అందట. అంతే. ఇంకేమీ అనలేదు. కోసింది, వండింది, అందరికీ పెట్టింది. తను మాత్రం పచ్చిపులుసుతో తింది. "అప్పటిసంది ఈ కార్తెల కొర్రమట్ట జోలికి పోలే నేను" అన్నారు మామయ్య.

అత్తమ్మ పోయాక ఆమె మాట ఆయన నోట రావటం అదే మొదలు. మా అమ్మాయి ఏదో అడగబోతే నేను కళ్ళతో ఆపాను. అడగకుండానే ఆయన ఇంకో ముచ్చట చెప్పారు, ఆ తర్వాత ఇంకోటి. అత్తమ్మ పెళ్ళైన కొత్తలో మీరాలం కట్ట మీదికి టిఫిన్ తెచ్చేదని, ఒకసారి కోతి ఆ గిన్నె ఎత్తుకుపోయిందని... పన్నెండున్నర దాకా ఎవరం గాలం సంగతి పట్టించుకోలేదు. పులిహోర తింటూ వింటూనే ఉన్నాం.

ఎండ ఎక్కువయ్యాక లేచాం. మా చేపలు లెక్క పెడితే జిలేబీ చేపలు మూడు, అవి కూడా మామయ్య వదిలేయించారు. సంఘం పెద్దాయన వల చేపలు తూకం వేస్తున్నాడు, ఆయన దగ్గరే రెండు కిలోల రవ్వ కొన్నాను. మృగశిర నాడు రోడ్డు పక్కన ఎన్ని బేరాలో! బొచ్చె, రవ్వ, జెల్ల, అన్నీ బతికున్నవే. కొనేటప్పుడు కళ్ళు నిండుగా మెరుస్తూ ఉన్నాయా, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉందా చూసుకోండి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటే అది నిన్నటి చేప.

ఆ రోజు పులుసు అత్తమ్మ పద్ధతిలోనే పెట్టాను. కిలో ముక్కలకు పెద్ద నిమ్మకాయంత చింతపండు. రెండు ఉల్లిగడ్డలు పొట్టుతోనే మంట మీద కాల్చి, పొట్టు తీసి, వేయించిన ధనియాలు రెండు చెంచాలు, అర చెంచా మెంతులు, చిన్న ఎండుకొబ్బరి ముక్కతో కలిపి మెత్తగా నూరుకోవాలి. నూనెలో అల్లంవెల్లుల్లి, ఆ ముద్ద వేయించి, కారం, పసుపు, ఉప్పు వేసి పులుసు పోసి బాగా మరిగాకే ముక్కలు వేయాలి. ముక్క వేశాక గరిటె పెట్టకండి. గిన్నెను గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి, ముక్క విరగదు. దించే ముందు గుప్పెడు చింతచిగురు నలిపి వేస్తే మృగశిరకు మృగశిర, రుచికి రుచి. మామయ్య చేపలు వద్దన్నారు కదా, ఏమంటారోనని పక్కన కొద్దిగా పచ్చిపులుసు కూడా చేసి ఉంచాను. ఆయన రెండూ పెట్టించుకున్నారు.

అదే ఏడాది సెప్టెంబరులో హిమాయత్ సాగర్, గండిపేట రెండూ నిండి గేట్లు ఎత్తితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్ళు వచ్చాయి, టీవీలో మీరూ చూసే ఉంటారు. మామయ్య ఆ రోజంతా టీవీ ముందు నుంచి కదల్లేదు. వరద గురించి కాదు, ఆ తుంగ కొట్టుకుపోయిందేమో అని ఆయన బెంగ. అప్పటికి కొర్రమీను పిల్లలు పెద్దవై ఎవరి దారిన అవి పోయి ఉంటాయని చెప్పినా వినరు.

తమ్ముడు వెళ్తూ వెళ్తూ ఆ బెత్తం మామయ్యకే వదిలేసి వెళ్ళాడు, ఈగలు మాత్రం నాలుగే మిగిలాయి. వారం తిరక్కుండా మా వీధి చివర కోళ్ళ దుకాణం నుంచి పుంజు మెడ ఈకలు పొట్లం కట్టించుకుని తెచ్చారు మామయ్య. వణికే చేత్తో దారం చుట్టటం రాదు కదా, మా అమ్మాయి ముల్లు పట్టుకుంటే ఆయన చుడతారు, ఆయన పట్టుకుంటే అది చుడుతుంది. నా కుట్టుమిషను డబ్బాలో ఎర్ర పట్టుదారం కండె కనపడక రెండు రోజులు ఇల్లంతా వెతికాను. చివరికి అది మామయ్య మంచం కింద, ఎర్రల తట్ట పక్కన దొరికింది.